అరువు గొంతుతో క్లాడియా కార్డినాలె

2025 సెప్టెంబరు 23న ఫ్రాన్స్‌లోని నెమూర్‌లో ఇటాలియన్ సినిమా నటి క్లాడియా కార్డినాలె కన్నుమూసింది. వయసు 87. ఆ తర్వాత వచ్చిన నివాళులు చదువుతుంటే నాకు దుఃఖం కన్నా విసుగే ఎక్కువ కలిగింది. దాదాపు అన్నిటిదీ ఒకే వరస: ట్యూనిస్‌లో అందాల పోటీ గెలిచిన పిల్ల, వెనిస్ వెళ్లింది, నిర్మాతల కంట పడింది, విస్కోంతి, ఫెల్లినీ, లియోనె వంటి దిగ్గజ దర్శకుల చేతిలో తార అయింది. అందగత్తె, అదృష్టవంతురాలు. నటి అన్న మాట మూడో పేరాలోనో నాలుగో పేరాలోనో మొహమాటంగా తొంగి చూసేది.

ఇందులో తప్పు సమాచారమేమీ లేదు. ఆమె అందగత్తె కాదనేంత మూర్ఖత్వం నాకూ లేదు. అయితే ఆ అందం గురించి మాట్లాడినంతసేపూ ఆమె చేసిన పని గురించి మాట్లాడే శ్రమ తప్పిపోతుంది. నా వాదన ఇది: కార్డినాలెను నటిగా తూచాలంటే, ఏ సినిమాలో ఆమె దగ్గర ఏమి ఉండనిచ్చారో, ఏమి లాక్కున్నారో ముందు చూడాలి. చాలా సినిమాల్లో గొంతు ఆమెది కాదు. తన జుట్టు మీద తనకు హక్కు లేదు. కన్న కొడుకును కొడుకని చెప్పుకునే వీలు లేదు. ఇవన్నీ పోగా మిగిలినదానితో ఆమె చేసిన పని చిన్నది కాదు.

ఆమె 1938 ఏప్రిల్ 15న ట్యూనిస్ పక్కనున్న లా గులెట్ అనే రేవు పట్టణంలో పుట్టింది. అప్పుడు ట్యూనీషియా ఫ్రాన్స్ ఏలుబడిలో ఉంది. సిసిలీ నుంచి బతుకుతెరువు కోసం సముద్రం దాటి వచ్చిన కుటుంబాలు ఆ రేవులో తరాలుగా ఉంటున్నాయి. అక్కడి ఒక పేటను చిన్న సిసిలీ అనే పిలిచేవారు. తండ్రి రైల్వే ఉద్యోగి. ఇంట్లో సిసిలీ భాష, బడిలో ఫ్రెంచి, వీధిలో అరబ్బీ. ఇటాలియన్ మాత్రం రాదు. రేపు ఇటాలియన్ సినిమాకు ముఖచిత్రం కాబోయే మనిషి ఆ భాష నేర్చుకున్నది సినిమాల్లోకి వచ్చాకే. టీచరు కావాలన్నది ఆమె కోరిక.

1957లో ట్యూనీషియాలోని ఇటాలియన్ అమ్మాయిలకు జరిగిన అందాల పోటీలో గెలిచింది. బహుమతి వెనిస్ చిత్రోత్సవానికి ప్రయాణం. అక్కడ నిర్మాతలు వెంటపడ్డారు. రోమ్‌లోని ప్రభుత్వ సినిమా శిక్షణ సంస్థలో చేరి, కొద్ది కాలానికే వదిలేసి, ఇంటికి తిరిగివచ్చింది. సినిమా వద్దనే అనుకుంది. అదృష్టం కథ నాకు ఇక్కడే తెగిపోతుంది. ఆమె చాలా ఏళ్ల తర్వాత స్వయంగా చెప్పినదాని ప్రకారం, ట్యూనిస్‌లో తనకన్నా వయసులో పెద్దవాడైన ఒకడు ఆమెపై అత్యాచారం చేశాడు. గర్భం వచ్చింది. బిడ్డను కనాలనే నిశ్చయించుకుంది. సొంత సంపాదన లేకుండా అది కుదిరే పని కాదు కనుక, వద్దనుకున్న సినిమాకు ఒప్పుకుంది. తార కావాలన్న మోజుతో ఆమె సంతకం పెట్టలేదు. ఒక జీతం కోసం పెట్టింది.

ఈ విషయాన్ని ఎందుకు దాచాల్సి వచ్చిందో అర్థం కావాలంటే అప్పటి ఇటలీ చట్టాలు చూడాలి. అత్యాచారం చేసినవాడు బాధితురాలిని పెళ్లి చేసుకుంటే నేరం రద్దయిపోయే నిబంధన అక్కడ 1981 దాకా అమల్లో ఉంది. సిసిలీలోని ఆల్కమో అనే ఊళ్లో ఫ్రాంకా వియోలా అనే అమ్మాయి అటువంటి పెళ్లికి ఒప్పుకోకుండా 1966లో కోర్టు మెట్లెక్కితే దేశమంతా నోరు వెళ్లబెట్టింది. అత్యాచారాన్ని వ్యక్తిపై నేరంగా కాక నైతికతపై నేరంగా లెక్కగట్టడం 1996 వరకూ సాగింది. భార్య వ్యభిచారం 1968 దాకా శిక్షార్హం. విడాకుల చట్టం వచ్చింది 1970 చివర్లో. పెళ్లి కాకుండా తల్లయిన సినిమా తార అంటే ఏమవుతుందో అందరికీ తెలుసు. ఇటాలియన్ దర్శకుడు రొస్సెలీనితో బిడ్డను కన్నందుకు ఇంగ్రిడ్ బెర్గ్‌మన్‌ను 1950లో అమెరికా సెనేట్‌లోనే దూషించారు. ఆమె అప్పటికే ప్రపంచ ప్రసిద్ధి పొందిన నటి. కార్డినాలెది ఇరవయ్యేళ్ల వయసు, చేతిలో నాలుగు చిన్న వేషాలు.

ఆ సంతకం విదెస్ అనే నిర్మాణ సంస్థ ఒప్పందం మీద. దాని అధిపతి ఫ్రాంకో క్రిస్టాల్డి. గర్భం దాచడం ఇక కుదరదనిపించి ఒప్పందం రద్దు చేయమని ఆమె అడిగితే, అతను రద్దు చేయలేదు. ఇంగ్లీషు నేర్చుకోవడానికి వెళ్లిందని బయటికి చెప్పి లండన్ పంపాడు. 1958లో అక్కడ కొడుకు పుట్టాడు. ఆ బిడ్డ లోకానికి ఆమె తమ్ముడయ్యాడు. ఏళ్ల తరబడి ఆ పిల్లవాడికి కూడా ఆమె అక్కే.

బదులుగా క్రిస్టాల్డి తీసుకున్నది తక్కువేమీ కాదు. అమెరికా స్టూడియోల పద్ధతిలో రాసిన ఆ ఒప్పందం ప్రకారం ఆమె నెలజీతం మీద పనిచేసే ఉద్యోగిని. సినిమా ఎంత పెద్దదైనా, హాలీవుడ్‌లో తీసినా, ఆమెకు అందేది జీతమే. జుట్టు కత్తిరించుకోకూడదు, బరువు పెరగకూడదు, పెళ్లి చేసుకోకూడదు. తర్వాత అతను నిర్మాత స్థానం నుంచి జీవిత భాగస్వామి స్థానానికి వచ్చాడు. 1966లో అమెరికాలో ఒక పెళ్లి లాంటిది జరిగింది. ఇటలీ చట్టం దృష్టిలో దానికి విలువ లేదు. యజమాని, కాపలాదారు, భర్త ముగ్గురూ ఒకే మనిషి అయినప్పుడు కాదనడం ఎలాగో నాకైతే తెలియదు.

ఇక గొంతు సంగతి. ఆమెది బొంగురు గొంతు, తక్కువ శ్రుతి, మీదుమిక్కిలి ఫ్రెంచి యాస. 1958లో మారియో మొనిచెల్లి తీసిన 'బిగ్ డీల్ ఆన్ మడోనా స్ట్రీట్'లో, అన్నగారు ఇంట్లో తాళం వేసి ఉంచే సిసిలీ చెల్లెలి వేషం ఆమెది. సిసిలీ కుటుంబంలో పుట్టిన పిల్ల సిసిలీ పిల్లగా వేస్తే, గొంతు మాత్రం వేరొకరిది. ఆమె ఒక్కతే ఇలా నష్టపోలేదు. యుద్ధం తర్వాతి ఇటాలియన్ సినిమా చాలావరకు సెట్లో శబ్దం పట్టించుకోకుండా తీసి, మాటలు తర్వాత స్టూడియోలో కలిపేది. వీధుల్లో చిత్రీకరణ, పలు దేశాల నటులు, ప్రాంతానికో యాస. దానికి తోడు పరదేశపు సినిమాలను ఇటాలియన్‌లోకి మార్చి తీరాలన్న ఫాసిస్టు కాలపు విధానం పుణ్యమా అని ఆరితేరిన డబ్బింగ్ కళాకారుల వ్యవస్థ ఒకటి సిద్ధంగా ఉంది. 'ది లెపర్డ్'లో అమెరికన్ నటుడు బర్ట్ లాంకాస్టర్‌కూ ఫ్రెంచి నటుడు అలెన్ డెలాన్‌కూ కూడా ఇటాలియన్ గొంతులు అరువువే.

తెలుగు ప్రేక్షకుడికి ఇదంతా విడ్డూరంగా తోచదు. విజయశాంతి ఆవేశం వెనక సరిత గొంతు ఉందని, సమంత మొదటి సినిమాలో మాట్లాడింది చిన్మయి అని మనకు తెలుసు. నంది పురస్కారాల్లో డబ్బింగ్ కళాకారిణులకు వేరే బహుమతి ఉండేది. ఆ మేరకు మనం కాస్త నయమే. కానీ ఆ తెలిసినతనమే మనల్ని సోమరుల్ని చేసింది. గొంతు తనది కాకపోతే నటన సగమే అంటారు కొందరు, మొహం చూశాం చాలు అంటారు ఇంకొందరు. రెండూ తేలిక మాటలే. తన నోటి నుంచి వేరే మనిషి మాట వస్తుందని తెలిసి కెమెరా ముందు నిలబడే నటి, మాటకు ముందు, మాటకు తర్వాత, మాట లేనప్పుడు ఏం చేస్తుందో చూడాలి. కార్డినాలె విషయంలో అలా చూడాల్సిన సినిమా 1961లో వలేరియో జుర్లీని తీసిన 'గర్ల్ విత్ ఎ సూట్‌కేస్'.

కథ చిన్నది. అయిదా ఒక చిల్లర గాయని. ఒక డబ్బున్న కుర్రవాడు ఆశపెట్టి వెంట తెచ్చి, పెట్టెతో సహా దారిలో వదిలేసి పోతాడు. ఆమె వెతుక్కుంటూ పార్మాలోని అతని ఇంటికి వస్తుంది. తప్పించుకోవడానికి అతను పదహారేళ్ల తమ్ముడు లొరెంజోను ముందుకు తోస్తాడు. ఆ పిల్లవాడు ఆమెను ప్రేమిస్తాడు. అందరూ చెప్పుకునే దృశ్యంలో, స్నానం చేసి తువ్వాలు గౌనుతో ఆమె మెట్లు దిగి వస్తుంటే లొరెంజో గ్రామఫోను మీద ఇటాలియన్ స్వరకర్త వెర్డీ పాట పెడతాడు. ఆ పాటలో ఉన్నదీ అయిదా పేరే. ఒక పసివాడి కళ్లకు తాను దేవతలా కనబడుతున్నానని ఆమెకు తెలుస్తుంది. గర్వం వస్తుంది, నవ్వు వస్తుంది, వెంటనే కాస్త సిగ్గు. నడక మారుతుంది. దిగడం మొదలుపెట్టిన మనిషి, కిందికి చేరిన మనిషి ఒకరు కారు. ఇందులో గొంతుతో పనేముంది?

అయిదాకు ఒక కొడుకు ఉన్నాడు. ఆ సంగతి ఆమె అంత తొందరగా ఎవరికీ చెప్పదు. ఈ పాత్రకు కార్డినాలెను జుర్లీని తీసుకుంటానన్నప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు వద్దన్నారు, ఆమెకు అంత నటన రాదన్నారు. కొడుకును దాచుకున్న తల్లి వేషం వేస్తున్న అమ్మాయి ఇంటి దగ్గర ఎవరిని దాచుకుందో బయట ఎవరికీ తెలియదు. సినిమా పూర్తయ్యాక ఆ పాత్ర నుంచి బయటపడటానికి ఆమెకు వారాలు పట్టిందట. ఈ వివరం తెలిశాక సినిమా చూస్తే ఆమె జీవితమే తెర మీద కనబడుతోందనే ప్రలోభం కలుగుతుంది. నేను దానికి లొంగదలుచుకోలేదు. ఆమె అయిదా కాదు. అయిదా ఒకచోట కుదురుకోలేదు, మోసపోతూనే ఉంటుంది. కార్డినాలె అప్పటికే ఒక కుటుంబాన్ని పోషిస్తోంది. ఆ తేడాను దాటి వెళ్లడమే నటన. సొంత అనుభవం ఉన్నంత మాత్రాన అది తెర మీదికి దానంతటదే నడిచి రాదు. అలా వచ్చేటట్టయితే బాధపడ్డవాళ్లందరూ గొప్ప నటులయ్యేవారు.

1963 గురించి ఇప్పటికే చాలామంది రాశారు కనుక క్లుప్తంగా చెబుతాను. విస్కోంతి 'ది లెపర్డ్', ఫెల్లినీ 'ఎయిట్ అండ్ ఎ హాఫ్' ఒకే కాలంలో తయారయ్యాయి. విస్కోంతికి నల్లజుట్టు కావాలి, ఫెల్లినీకి లేత రంగు కావాలి. ఆ సెట్టుకూ ఈ సెట్టుకూ తిరుగుతూ మాటిమాటికీ రంగు మార్చుకుంది. విస్కోంతి సెట్టు నాటకశాల వంటిది: నిశ్శబ్దం, ప్రతి అడుగుకీ లెక్క. ఫెల్లినీ సెట్టులో గోల లేకపోతే పని సాగదు; ఆమెకు చేతికి ఇచ్చిన సంభాషణలంటూ పెద్దగా లేవు, కబుర్లాడుతూ అవే దృశ్యంలోకి జారిపోయేవి. పలెర్మోలోని గాంజి భవనంలో తీసిన నృత్య సన్నివేశం కోసం బిగించిన నడుంపట్టీతో రోజుల తరబడి నిలబడింది. 'ది లెపర్డ్' నాకు ఇష్టమే. కానీ అందులో ఆమె వేసిన ఆంజెలికాను సినిమా ఎక్కువగా చూస్తుంది, తక్కువగా వింటుంది. భోజనాల బల్ల దగ్గర ఆంజెలికా పగలబడి నవ్వినప్పుడు దొరల కుటుంబమంతా బిగుసుకుపోతుంది చూడండి, ఆ ఒక్కచోట మాత్రం పాత్ర దర్శకుడి చేతిలోంచి జారి ఆమె చేతికి వచ్చినట్టు ఉంటుంది.

ఫెల్లినీ ఆమె గొంతును ఆమెకే వదిలేశాడు. ఆ బొంగురుతనం, ఆ యాస తెర మీద వినబడటం అదే మొదలు. పాత్ర పేరు కూడా క్లాడియాయే. చివర్లో, రాత్రివేళ కారులో, తన హీరో ఎందుకు ఎవరి చేయీ పట్టుకోలేడో సినిమాలోని దర్శకుడి పాత్ర గీదో వివరిస్తుంటాడు. ఆమె ఒకటే జవాబు చెబుతుంది, మళ్లీ మళ్లీ చెబుతుంది: అతనికి ప్రేమించడం రాదు కనుక. దేవకన్యలా ఊహించుకున్న మనిషి నోరు తెరవగానే అతని కథ అక్కడికక్కడే కూలిపోతుంది. సినిమా చరిత్రలో ఒక నటి సొంత గొంతు ఇంత పదునుగా ప్రవేశించిన సందర్భాలు నాకు ఎక్కువ గుర్తులేవు.

ఇక్కడితో ఆపేస్తే చక్కని కథ అవుతుంది. గొంతు పోయింది, మహా దర్శకుడు తిరిగి ఇచ్చాడు, సుఖాంతం. వాస్తవం అంత సర్దుబాటుగా లేదు. అదే ఏడాది విడుదలైన 'ది పింక్ పాంథర్'లో ఆమె ఇంగ్లీషు గొంతు వేరొకరిది. 1968లో సెర్జియో లియోనె తీసిన 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్'లో ఇంగ్లీషులోనూ ఇటాలియన్‌లోనూ ఆమె వేసిన జిల్ పాత్రకు గొంతులు అరువువే. అంతెందుకు, జిల్ కోసం ఎన్నియో మొరికోనె కట్టిన బాణీలో మాటలు లేని ఆ ఆడగొంతు కూడా ఎద్దా దెల్లోర్సో అనే గాయనిది. లియోనె ఆ సంగీతాన్ని ముందే తయారు చేయించి సెట్లో వినిపించేవాడు. రైలు దిగి, తనకోసం ఎవరూ రాలేదని గ్రహించి, స్టేషను గదిలోంచి ఊళ్లోకి నడిచే ఆ కొద్ది నిమిషాల్లో కార్డినాలె ఒక పాటను ఒంటితో మోస్తుంది. ఎదురుచూపు, అనుమానం, అవమానం, సరే కానివ్వు అన్న తెగింపు, అన్నీ ఒక్క మాట లేకుండా. లియోనె లోకంలో మగవాళ్లు ఒకరినొకరు చంపుకుంటూ పోతుంటే చివరికి ఊరు కట్టేది ఈమె. తుపాకీ పట్టినవాళ్ల కన్నా ఎక్కువ బరువున్న ఆడపాత్ర ఆయన సినిమాల్లో ఇదొక్కటే.

"క్రిస్టాల్డి లేకపోతే ఆమె ఎక్కడ ఉండేది?" ఈ ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. న్యాయమైన ప్రశ్నే. అతను మామూలు వ్యాపారి కాదు. 'డివోర్స్ ఇటాలియన్ స్టయిల్', 'అమర్‌కోర్డ్', చివర్లో 'సినిమా పరదీసో', ఇవన్నీ అతను నిర్మించినవే. ఆమెకు మంచి దర్శకులను ఏరి ఇచ్చాడు, చౌకబారు వేషాల నుంచి కాపాడాడు. ఆమె కొడుక్కి తన ఇంటిపేరు ఇచ్చాడు. ఇవన్నీ నిజాలే, వీటిని పక్కన పెట్టి అతన్ని రాక్షసుడిగా చూపడం నాకు ఇష్టం లేదు. కానీ మంచి అభిరుచి ఉన్న యజమాని కూడా యజమానే. చేసిన మేలుకు ప్రతిగా ఒక మనిషి జుట్టు, సంపాదన, మాతృత్వం తాకట్టు పెట్టించుకోవచ్చని ఏ లెక్క ప్రకారం చెబుతాం? మన పరిశ్రమలో కూడా ఫలానావారు లేకపోతే ఫలానా హీరోయిన్ ఎక్కడ అనే మాట చెవిన పడుతూనే ఉంటుంది. ఫలానా హీరోయిన్ లేకపోతే ఆ ఫలానావారు ఎక్కడ అని ఎవరూ అడగరు.

ఆమె హాలీవుడ్‌లో ఉండిపోలేదు. జాన్ వేన్, రాక్ హడ్సన్, బర్ట్ లాంకాస్టర్‌ల పక్కన నటించింది, దీర్ఘకాలపు స్టూడియో ఒప్పందానికి మాత్రం ఒప్పుకోలేదు. ఒక సంకెల చాలనుకుందేమో. 1967లో, కొడుకు విషయం రాస్తామని పత్రికలవాళ్లు చుట్టూ మూగుతున్న రోజుల్లో, ఎన్జో బియాజీ అనే పేరుమోసిన పత్రికా రచయితను ఎంచుకుని తన కథ తానే చెప్పింది. లోకం బద్దలవలేదు. మరుసటి ఏడాది దామియానో దామియాని 'ది డే ఆఫ్ ది ఔల్'లో, భర్త మాయమైన సిసిలీ ఇల్లాలిగా నటించి ఇటలీ అత్యున్నత సినిమా పురస్కారం దవిద్ ది దొనతెల్లో అందుకుంది. పదేళ్లు మోసిన భయానికి తగినంత కారణం అసలు ఉందా అని ఆమె అనుకుని ఉండవచ్చు. ఉంది. 1958లో చెప్పి ఉంటే ఆ నాలుగు చిన్న వేషాలతోనే అంతా ముగిసేది.

1970ల మధ్యలో దర్శకుడు పాస్క్వాలె స్క్విటియేరిని ప్రేమించి క్రిస్టాల్డిని వదిలి వచ్చింది. అన్నేళ్లు పనిచేశాక చేతిలో డబ్బు లేదని అప్పుడు తెలిసింది. ఇటలీలో అవకాశాలు ఒక్కసారిగా సన్నగిల్లాయి. నివాళులన్నీ ఈ భాగాన్ని రెండు వాక్యాల్లో దాటేస్తాయి, నాకు మాత్రం ఆమె అత్యంత సాహసం కనిపించేది ఇక్కడే. నలభైకి దగ్గరపడుతున్న తార, ఇటలీలోని శక్తిమంతుడైన నిర్మాతను కాదని, పేరు అంతగా లేని, నోటి దురుసు ఉన్న దర్శకుడితో వెళ్లింది. స్క్విటియేరితో పెళ్లి చేసుకోలేదు. ఇద్దరికీ 1979లో కూతురు పుట్టింది, ఈసారి దాచవలసిన అవసరం రాలేదు. అతని సినిమాలన్నీ గొప్పవని నేననను. ముసోలినీ ప్రియురాలి కథ 'క్లారెట్టా'లో ఆమె నటన సినిమాను మించిపోయింది. మధ్యలో వెర్నర్ హెర్జోగ్‌తో పెరూ అడవులకు వెళ్లి 'ఫిట్జ్‌కరాల్డో' చేసింది. అందులో హీరో కిన్‌స్కీ అరుపులు, ఆగిపోయి మళ్లీ మొదలైన చిత్రీకరణ మధ్య, ఆ సినిమాలో ఊపిరి తీసుకోనిచ్చే కాసిని దృశ్యాలు ఆమెవే. 2012లో, నూరేళ్లు దాటిన పోర్చుగీసు దర్శకుడు మనోయెల్ ద ఒలివేరా సినిమాలో ఫ్రెంచి నటి జాన్ మొరోతో కలిసి నటించింది. ముడతలు సరిచేయించుకోవడానికి చివరిదాకా ఒప్పుకోలేదు.

ఆ చివరి మాటకు వంకరగా ఒక కొసరు ఉంది. 2017లో కాన్ చిత్రోత్సవం తన పోస్టరు మీద ఆమె 1959 నాటి ఫోటో వేసింది, రోమ్‌లో ఒక మేడ మీద గిరగిరా తిరుగుతూ నవ్వుతున్న ఫోటో. వేసేముందు ఎవరో కంప్యూటర్‌లో ఆమె నడుము, తొడలు సన్నం చేశారు. గొడవ అయింది. ఇదొక పోస్టరు మాత్రమే, మాట్లాడవలసిన పెద్ద విషయాలు వేరే ఉన్నాయని ఆమె తేలిగ్గా తీసుకుంది. ఐక్యరాజ్యసమితి తరఫున ఏళ్ల తరబడి స్త్రీల హక్కుల కోసం తిరిగిన మనిషి కనుక అలా అనే అధికారం ఆమెకు ఉంది. నేను మాత్రం ఏకీభవించలేను. బరువు పెరగకూడదన్న షరతుతో ఇరవయ్యేళ్ల వయసులో సంతకం పెట్టించుకున్న ఒప్పందానికి, 79 ఏళ్ల వయసులో నడుము చెక్కిన ఆ పోస్టరుకు మధ్య చుట్టరికం కనబడుతూనే ఉంది.

ఆమెను కొత్తగా చూడాలనుకునేవారికి నేను చెప్పే వరస వేరు. 'ది లెపర్డ్'తో మొదలుపెట్టకండి. ముందు 'గర్ల్ విత్ ఎ సూట్‌కేస్' చూడండి. తర్వాత లుయీజి కొమెంచీని 1963లో తీసిన 'లా రగాజ్జా ది బూబె' దొరకబుచ్చుకోండి. యుద్ధానంతరం జైలుపాలైన ప్రతిఘటన యోధుడి కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూసే టస్కనీ పల్లెపిల్ల కథ అది. 'ఎయిట్ అండ్ ఎ హాఫ్'లో లాగే ఇందులోనూ గొంతు ఆమెదే. అది చూశాక మిగతా సినిమాల్లో ఆమె దగ్గర ఏమి లేదో మీకే వినబడుతుంది. ఇటాలియన్ ప్రతి, కింద అక్షరాలతో ఉన్నదే వెతకండి. ఇంగ్లీషులోకి డబ్బింగ్ చేసినది ఎదురైతే వదిలేయండి.